దూకుడు క్రీచర్ డెక్‌కు కార్డులు ఎంచుకోవడం ఎలా? మ్యాజిక్ ఆటగాళ్లకు సమగ్ర మార్గదర్శి

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో మామూలుగా ఒక్కొక్కరూ 20 లైఫ్‌తో (ప్రాణ పాయింట్లతో) మొదలుపెడతారు. దూకుడు డెక్‌కు ఉన్న పని ఒక్కటే. ఎదుటివారు తమ పెద్ద కార్డులను దించే స్థితికి చేరేలోగా ఆ 20ని సున్నాకు తేవాలి. ఈ మాట అందరికీ తెలుసు. అయినా డెక్ కట్టడానికి కూర్చోగానే చాలామంది తమ దగ్గరున్న కార్డుల్లో బలమైనవన్నీ ఏరి ఒకచోట పేరుస్తారు. అలా తయారైన డెక్ రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. వేగంగా గెలవడానికి బరువెక్కువ, నిలబడి పోరాడడానికి సత్తా తక్కువ.

కార్డు ఎంత బలమైనదన్నది ఇక్కడ రెండో ప్రశ్న. అది ఏ టర్న్‌లో బల్లమీదికి వస్తుంది, అప్పటి నుంచి ఆట ముగిసేలోగా ఎంత లైఫ్ తీస్తుంది అన్నది మొదటి ప్రశ్న. కింద చెప్పే అడుగులన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

లెక్కలన్నీ 60 కార్డుల డెక్‌కు, ఇద్దరాడే ఆటకు సంబంధించినవి. కమాండర్ అనే ఆట పద్ధతిలో 100 కార్డులు, 40 లైఫ్, చుట్టూ ముగ్గురు ప్రత్యర్థులు. అక్కడ ఈ లెక్కలు పనికిరావు. ఇక్కడ ఉదాహరణగా చెప్పే కార్డులు వేర్వేరు కాలాలవి, అన్నీ ఒకే ఫార్మాట్‌లో (ఏ కార్డులు వాడవచ్చో చెప్పే ఆట పద్ధతిలో) చెల్లవు. మీరు ఆడే ఫార్మాట్‌లో అలాంటి పనే చేసే కార్డును వెతుక్కోండి.

మొదటి అడుగు: గెలవాల్సిన టర్న్ తేల్చుకోండి

కాగితం తీసుకుని ఒక ఆట రాసి చూడండి. క్రీచర్ అంటే మీ తరఫున పోరాడే జీవి, మానా అంటే కార్డు వేయడానికి చెల్లించే శక్తి, పవర్ అంటే ఆ క్రీచర్ ఒక దెబ్బలో చేసే డ్యామేజ్. మొదటి టర్న్‌లో 2 పవర్ ఉన్న ఒక మానా క్రీచర్‌ను దించారు. రెండో టర్న్‌లో అది దాడి చేసి 2 తీసింది. మీరు 3 పవర్ ఉన్న రెండు మానా క్రీచర్‌ను దించారు. మూడో టర్న్‌లో రెండూ కలిసి 5 తీశాయి, మొత్తం 7. మళ్లీ 3 పవర్ ఉన్న మూడు మానా క్రీచర్ దిగింది. నాలుగో టర్న్‌లో మూడూ కలిసి 8 తీస్తే మొత్తం 15. మిగిలిన 5 లైఫ్‌ను లైట్నింగ్ బోల్ట్ అనే స్పెల్ (మంత్రం) కార్డులు రెండు ముగిస్తాయి. ఒక్కొక్కటి ఒక మానాకు 3 డ్యామేజ్ కదా.

ఇప్పుడు మొదటి టర్న్ క్రీచర్‌ను తీసేసి అదే ఆటను మళ్లీ లెక్కపెట్టండి. మూడో టర్న్‌లో 3, నాలుగో టర్న్‌లో 6, బోల్ట్‌లతో 6. మొత్తం 15 దగ్గర ఆగిపోతారు. ఆ చిన్న క్రీచర్ విలువ 6 లైఫ్ అన్నమాట. అదే కార్డు మూడో టర్న్‌లో దిగి ఉంటే నాలుగో టర్న్‌లో ఒక్క దాడి, 2 లైఫ్. కార్డు మారలేదు, దిగిన వేళ మారింది. ఆలస్యం అమృతం విషం అన్న సామెత ఈ డెక్ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

నిజమైన ఆటలో ఎదుటివారు అడ్డుకుంటారు, మీ క్రీచర్లను చంపుతారు. కాబట్టి నాలుగో టర్న్ లెక్క ఉన్న డెక్ సాధారణంగా ఐదో టర్న్‌కో ఆరో టర్న్‌కో గెలుస్తుంది. కాగితం మీదే ఆరో టర్న్ పట్టే డెక్ మాత్రం దూకుడు డెక్ కాదు. పేరు ఏదైనా పెట్టుకోండి.

రెండో అడుగు: ఒక మానా క్రీచర్లు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. డెక్ వేగం సగానికి సగం ఈ వరుసలోనే తేలిపోతుంది.

ఎన్ని ఉండాలి? 60 కార్డుల్లో 4 ఉంటే మొదటి 7 కార్డుల చేతిలో కనీసం ఒకటి కనిపించే అవకాశం 40%. 8 ఉంటే 65%. 12 ఉంటే 81%. 16 ఉంటే 90%. నేను 12 దగ్గర మొదలుపెడతాను. 8తో సరిపెట్టుకుంటే మూడు ఆటల్లో ఒకసారి మొదటి టర్న్ ఖాళీగా పోతుంది. 16కు వెళ్తే ఆరో టర్న్‌లో కూడా చిన్న చిన్న క్రీచర్లే చేతికొస్తుంటాయి.

ఎలాంటివి ఉండాలి? పవర్ కనీసం 2. ఇందులో నేను బేరమాడను. ఆట పుట్టిన 1993లోనే సవానా లయన్స్ అనే తెల్ల కార్డు ఒక మానాకు 2/1గా (పవర్ 2, ఎంత డ్యామేజ్‌కు చస్తుందో చెప్పే టఫ్‌నెస్ 1) వచ్చింది. ఈ వరుసలో అన్నిటినీ కొలవడానికి ఇప్పటికీ అదే గీటురాయి. 2009లో వచ్చిన గోబ్లిన్ గైడ్ 2/2, పైగా హేస్ట్ ఉంది. దిగిన టర్న్‌లోనే దాడి చేస్తుంది కాబట్టి పై లెక్కలో 6 బదులు 8 తీస్తుంది. బదులుగా, అది దాడి చేసినప్పుడల్లా ఎదుటివారు తమ డెక్ మీది కార్డు చూపించాలి, అది ల్యాండ్ (మానా ఇచ్చే కార్డు) అయితే వారి చేతికి వెళ్తుంది. ఎదుటివారికి ఉచితంగా కార్డు ఇవ్వడం నష్టమే. కానీ ఆ ల్యాండ్‌లతో ఏదైనా చేసేలోగా ఆట అయిపోతే ఆ నష్టం కాగితం మీదే మిగిలిపోతుంది.

దూకుడు డెక్ కార్డులను చూసే కన్ను ఇలాంటి చోటే పదును తేలుతుంది. మంచి ధరకు మంచి శరీరం ఇచ్చే కార్డుకు తరచుగా ఒక లోపం తగిలించి ఉంటుంది. ఆ లోపం దాడి చేసేవారికి నొప్పి కలిగిస్తుందా, కాపు కాసేవారికా అని అడగండి. 'అడ్డుకోలేదు' అని రాసి ఉన్న క్రీచర్ మీకు దాదాపు లోపం లేనిదే. 1996లో పాల్ స్లై అనే ఆటగాడు ఒక ఎర్ర డెక్‌తో పోటీలో పైదాకా వెళ్లినప్పుడు అందులో ఐరన్‌క్లా ఆర్క్స్ ఉండడం చూసి చాలామంది ముక్కున వేలేసుకున్నారు. రెండు మానాకు 2/2, పైగా 2 లేదా అంతకుమించి పవర్ ఉన్నవాటిని అడ్డుకోలేదు. అయితే ఆ డెక్‌లో బలమంతా కార్డుల్లో లేదు. ప్రతి టర్న్‌లో మానా వృథా కాకుండా ధరల వరుస పేర్చడంలో ఉంది. ఈరోజు అందరూ మానా కర్వ్ అని చెప్పుకునే ఆలోచన ఆ డెక్‌తోనే ప్రచారంలోకి వచ్చింది. ఆ తరహా డెక్‌లను చాలాకాలం స్లై అనే పిలిచారు.

అన్ని లోపాలూ ఒకటి కావు. 1997లో వచ్చిన జాకల్ పప్ ఒక మానాకు 2/1, కానీ దానికి ఎంత డ్యామేజ్ తగిలితే అంత మీకూ తగులుతుంది. నిదానంగా ఆడే డెక్ ముందు ఇది చిన్న విషయం. మీలాగే ఎర్ర బోల్ట్‌లు విసిరే డెక్ ఎదురైతే ఆ కుక్కపిల్ల యజమానినే కరుస్తుంది.

ఇంకొక హెచ్చరిక. కొన్ని కార్డులు పేరు చూసి తీసుకోదగ్గవి కావు. మొనాస్టరీ స్విఫ్ట్‌స్పియర్ దీనికి సరైన ఉదాహరణ. ఒక మానాకు 1/2, హేస్ట్, ప్రవెస్. మీరు క్రీచర్ కాని స్పెల్ వేసినప్పుడల్లా ఆ టర్న్ ముగిసేదాకా +1/+1 పెరుగుతుంది. 20కి పైగా చవకైన స్పెల్‌లు ఉన్న డెక్‌లో ఇది మొదటి వరుస కార్డు. 30 క్రీచర్లున్న డెక్‌లో ఇది కేవలం 1/2. పై లెక్కలో 2 పెట్టాల్సిన చోట 1 పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

మూడో అడుగు: రెండు మానా వరుస

8 నుంచి 10 చాలు. ఇక్కడ రెండు రకాలు పనికొస్తాయి. ఒకటి, దాడిలో 3 తీసేవి. రెండు, తక్కువ పవర్ ఉన్నా ఎదుటివారి ఆటను కుంటుపరిచేవి.

మొదటి రకంలో నాకు నచ్చేది అడాంటో వాన్‌గార్డ్. చూడడానికి 1/1, దాడికి వెళ్తే 3/1. 4 లైఫ్ చెల్లిస్తే ఆ టర్న్‌లో నాశనం కాదు. లైఫ్ మీకు కవచం కాదు, ఖర్చుపెట్టే డబ్బు అన్న సంగతిని ఇంత సూటిగా చెప్పే కార్డు మరొకటి తక్కువ. ఆఖరి ఒక్క లైఫ్‌తో గెలిచినా గెలుపు గెలుపే.

రెండో రకంలో థాలియా, గార్డియన్ ఆఫ్ థ్రాబెన్ ఉంది. 2/1, ఫస్ట్ స్ట్రైక్ (పోరులో ముందుగా దెబ్బ వేస్తుంది). క్రీచర్ కాని స్పెల్‌లన్నిటికీ ఒక మానా అదనం. క్రీచర్లన్నిటినీ చంపే ఎదుటివారి నాలుగు మానా స్పెల్ రాత్ ఆఫ్ గాడ్ ఐదు మానా అవుతుంది, మీకు ఒక టర్న్ దొరుకుతుంది. కానీ మీ బోల్ట్‌లూ రెండు మానా అవుతాయి. కాబట్టి థాలియాను క్రీచర్లే 30 దాకా ఉన్న డెక్‌లో పెట్టాలి, పది పన్నెండు స్పెల్‌లున్న దానిలో కాదు. ఐడొలన్ ఆఫ్ ది గ్రేట్ రెవెల్‌దీ ఇదే తంతు. మూడు లేదా అంతకన్నా తక్కువ మానా విలువ ఉన్న స్పెల్ ఎవరు వేసినా వారికి 2 డ్యామేజ్. మీరే ముందుండగా అది దిగితే ఎదుటివారికి ప్రతి స్పెల్ ఒక శిక్ష. మీరు వెనకబడి ఉండగా దిగితే శిక్ష మీకే.

నాలుగో అడుగు: మూడు, నాలుగు మానా

మూడు మానా కార్డులు 4 నుంచి 6. నాలుగు మానావి 2, మహా అయితే 4. ఐదు మానా మాట ఎత్తకండి.

ఇక్కడ పరీక్ష కఠినంగా ఉండాలి. దిగిన టర్న్‌లోనే ఏదో ఒకటి చేయని కార్డును తీసుకోవద్దు. గోబ్లిన్ చెయిన్‌వర్లర్ దిగగానే ప్రత్యర్థికి, వారి ప్రతి క్రీచర్‌కూ 1 డ్యామేజ్ ఇస్తుంది. బెనాలిష్ మార్షల్ దిగగానే మీ మిగతా క్రీచర్లన్నీ +1/+1 అవుతాయి. రెండూ మూడు మానాకు 3/3. రెండింటికీ మూడు మానా ఒకే రంగులో కావాలి. అంటే వీటిని తీసుకున్న రోజే రెండో రంగు ఆశ వదులుకోవాలి.

నాలుగు మానా దగ్గర హెల్‌రైడర్‌ను కొంచెం దగ్గరగా చూడండి. 4/3, హేస్ట్. మీ క్రీచర్ ఏది దాడి చేసినా ఎదుటివారికి 1 డ్యామేజ్, హెల్‌రైడర్ దాడికీ అంతే. బల్లమీద మూడు చిన్న క్రీచర్లున్నాయి, అవతల గోడలాంటి బ్లాకర్లు నిలబడ్డాయి, ఆట నిలిచిపోయింది అనుకుందాం. హెల్‌రైడర్ దిగి నలుగురూ కలిసి దాడికి వెళ్తే, అందరినీ అడ్డుకున్నా 4 లైఫ్ పోతుంది. హెల్‌రైడర్ ఒక్కదాన్ని వదిలేస్తే 8. నాలుగు మానా పెట్టాలంటే ఇలాంటి కార్డుకే పెట్టాలి.

హజొరెట్ ది ఫర్వెంట్ మరో దారి. 5/4, హేస్ట్, నాశనం కాదు, కానీ మీ చేతిలో ఒకటికి మించి కార్డులుంటే దాడి చేయదు, అడ్డుకోదు. మిగతా డెక్‌లకు ఇది సంకెల. నాలుగో టర్న్‌కు చేయి ఖాళీ చేసే మీకు అది అసలు లోపమే కాదు. లెజెండరీ కార్డు కాబట్టి ఒకే పేరుతో రెండు మీ వైపు బల్లమీద ఉండవు. 2 లేదా 3 పెట్టుకోండి. ఒక మానాకు 2/2గా వచ్చే ఇసమారు కూడా లెజెండరీయే. అయినా దాన్ని 4 పెడతాను, ఎందుకంటే మొదటి టర్న్‌లో దాన్ని చూడాలన్న అవసరం ముందు, రెండోది చేతిలో మిగిలిపోతుందన్న భయం చిన్నది.

ఐదో అడుగు: క్రీచర్ కాని కార్డులు

సుమారు 10. వీటిలో ప్రతిదీ రెండు పనుల్లో ఒకటి చేయాలి: అడ్డున్నదాన్ని తొలగించడం, లేదా ఆఖరి లైఫ్ తీయడం. రెండూ చేసేది దొరికితే 4 పెట్టి ముందుకు సాగండి. లైట్నింగ్ బోల్ట్ ఇన్నేళ్లుగా మన్నన పొందడానికి కారణం అదే. మొదటి టర్న్‌లలో బ్లాకర్‌ను చంపుతుంది, చివర్లో నేరుగా ముఖానికి వెళ్తుంది.

తెల్ల డెక్‌లో స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ గురించి ఒక వాదన వింటుంటాం. ఒక మానాకు ఏ క్రీచర్‌నైనా ఎక్సైల్ చేస్తుంది (ఆట నుంచే తొలగిస్తుంది), కానీ దాని పవర్ ఎంతో అంత లైఫ్ దాన్ని నడిపిస్తున్న ఆటగాడికి దక్కుతుంది. లైఫ్ తీయాల్సిన డెక్ లైఫ్ ఇవ్వడమేమిటి అంటారు. లెక్క వేద్దాం. ఎదురుగా ఒక 4/4 నిలబడి మీ 3 పవర్, 2 పవర్ క్రీచర్లను ఆపేసింది. దాన్ని తీసేస్తే ఎదుటివారికి 4 లైఫ్. ఆ టర్న్‌లోనే మీ ఇద్దరూ 5 తీస్తారు, తర్వాతి టర్న్‌లో మరో 5. మొదటి దాడికే అప్పు తీరి ఒక లైఫ్ మిగిలింది. బల్లమీద మీ క్రీచర్లు లేనప్పుడు మాత్రం ఆ వాదన నిజం.

క్రీచర్‌ను ఒక టర్న్ పాటు పెంచే స్పెల్‌లు కొత్తవారిని బాగా ఆకర్షిస్తాయి. నా సలహా, దూరంగా ఉండండి. మీరు దాన్ని వేయగానే ఎదుటివారు ఆ క్రీచర్‌నే చంపితే ఒక కార్డుకు రెండు కార్డులు పోతాయి. దీనికి మినహాయింపు ఎంబర్‌క్లీవ్ లాంటివి. ఆరు మానా ధర కనిపిస్తుంది కానీ దాడి చేస్తున్న ఒక్కో క్రీచర్‌కు ఒక మానా తగ్గుతుంది. ముగ్గురితో దాడికి వెళ్తే మూడు మానా. ఎదుటివారు బ్లాకర్లను ప్రకటించాక దించవచ్చు. డబుల్ స్ట్రైక్ (రెండుసార్లు దెబ్బ), ట్రాంపుల్ (బ్లాకర్‌ను చంపగా మిగిలిన డ్యామేజ్ ప్రత్యర్థికి తగలడం) ఇస్తుంది, క్రీచర్ చనిపోయినా ఆయుధం బల్లమీదే ఉంటుంది.

లైఫ్ పెంచే కార్డులు, నిదానంగా కార్డులు తెచ్చిపెట్టేవి, 'ఎందుకైనా మంచిది' అని పెట్టుకునేవి ఈ డెక్‌లో వద్దు.

ఆరో అడుగు: ల్యాండ్‌లు

20 నుంచి 22. నిదానమైన డెక్‌లు 24 పైచిలుకు పెడతాయి, మీకు అన్ని అక్కర్లేదు. ముందుగా ఆడేవారు నాలుగో టర్న్‌కు 10 కార్డులు చూస్తారు. అందులో 20 ల్యాండ్‌ల డెక్‌కు సగటున 3.3, 24 ల్యాండ్‌ల డెక్‌కు సరిగ్గా 4 వస్తాయి. మూడు మానాతో పని జరిగే డెక్‌కు నాలుగో ల్యాండ్ అంటే ఒక దాడి తగ్గినట్టే. 20తో ఒక ఇబ్బంది ఉంది. మొదటి చేతిలో ఒక ల్యాండ్ లేదా అసలేమీ లేకుండా వచ్చే అవకాశం సుమారు 25%. 24తో అది 14%. హెల్‌రైడర్, హజొరెట్ లాంటివి ఉంటే 21 లేదా 22కి వెళ్లండి.

రంగుల విషయంలో నా మాట సూటిగానే ఉంటుంది: మొదటిసారి కట్టే డెక్ ఒకే రంగులో కట్టండి. మొదటి టర్న్‌లోనే కావాల్సిన రంగు ఇచ్చే ల్యాండ్‌లు 14 ఉంటే మొదటి 7 కార్డుల్లో కనీసం ఒకటి ఉండే అవకాశం 86%. 10 ఉంటే 74%. రెండు రంగుల్లో చెరి పది పంచుకుంటే, ఒక్కో రంగు కార్డులు నాలుగు ఆటల్లో ఒకదాంట్లో చేతిలోనే బందీ. ట్యాప్ అయి వచ్చే (దిగిన టర్న్‌లో మానా ఇవ్వని) ల్యాండ్‌లు మరీ ప్రమాదం. మొదటి టర్న్‌లో అలాంటిది దిగిందంటే ముందు లెక్కపెట్టిన 6 లైఫ్‌లో కొంత పోయినట్టే.

మ్యూటవాల్ట్ లాంటి ల్యాండ్‌లకు చోటివ్వవచ్చు. ఒక మానాతో అది ఆ టర్న్‌కు 2/2 అవుతుంది. ఎదుటివారు తమ టర్న్‌లో రాత్ ఆఫ్ గాడ్ వేసినప్పుడు అది క్రీచర్ కాదు, కాబట్టి బతికిపోతుంది. కానీ అది రంగు ఇవ్వదు. చెయిన్‌వర్లర్ పక్కన దాన్ని నాలుగు పెట్టడం నేల విడిచి సాము చేయడమే.

ఏడో అడుగు: జాబితా రాసి, ఒంటరిగా ఆడి చూడండి

ఒక మానావి 12, రెండు మానావి 9, మూడు మానావి 5, నాలుగు మానావి 2. మొత్తం 28 క్రీచర్లు. స్పెల్‌లు 11, ల్యాండ్‌లు 21. 60 నిండింది. ఇది మొదలు మాత్రమే.

ఒకే జాతి క్రీచర్లతో కడదామనుకుంటే జాతికి బలమిచ్చే కార్డులను ముందు లెక్కపెట్టండి. గోబ్లిన్ పైల్‌డ్రైవర్ 1/2. దానితో పాటు దాడి చేసే ఒక్కో గోబ్లిన్‌కు +2/+0 పెరుగుతుంది. ముగ్గురితో కలిస్తే 7 పవర్, ఒంటరిగా ఉంటే 1. అలాంటి కార్డుల కోసం బలహీనమైన గోబ్లిన్లను చేర్చుకుంటూ పోతే, పైల్‌డ్రైవర్ రాని ఆటల్లో చేతిలో చిల్లర మిగులుతుంది.

ఇప్పుడు ఎదురుగా ఎవరూ లేకుండా ఆడండి. ఏడు కార్డులు తీసి, టర్న్ టర్న్‌కూ లైఫ్ తగ్గిస్తూ, ఎన్నో టర్న్‌లో 20 పూర్తయిందో రాసుకోండి. పది పదిహేను ఆటలకే తీరు కనిపిస్తుంది. ఎక్కువ శాతం ఐదో టర్న్ దాటుతుంటే ధరల వరుసలో పైనున్నవాటిని తగ్గించండి. మనుషులతో ఆడడం మొదలుపెట్టాక ఓడిన ప్రతి ఆటలో చేతిలో మిగిలిపోయిన కార్డు ఏదో రాసుకోండి. ఒకే పేరు పదేపదే కనిపిస్తే, అది ఎంత ఇష్టమైన కార్డైనా తీసేయండి.

ముల్లిగన్‌కు (మొదటి చేతిని తిప్పేసి మళ్లీ తీయడానికి) వెనకాడవద్దు. 2019 నుంచి ఉన్న నియమం ప్రకారం మళ్లీ ఏడు తీసి ఒకటి డెక్ అడుగున పెడతారు, కాబట్టి ఆరు కార్డుల చేయి మునుపటంత బీదది కాదు. రెండు ల్యాండ్‌లు, రెండు ఒక మానా క్రీచర్లు, మిగతావి చవకైనవి ఉంటే ఉంచుకోండి. ఐదు ల్యాండ్‌లు, ఒక హెల్‌రైడర్, ఒక బోల్ట్ వస్తే తిప్పేయండి.

ఎనిమిదో అడుగు: సైడ్‌బోర్డ్

సైడ్‌బోర్డ్ అంటే ఒకే ప్రత్యర్థితో ఆడే ఆటల మధ్య డెక్‌లోకి మార్చుకునే అదనపు కార్డులు. 15 కార్డులకు అనుమతి ఉంది. వీటిని ఎదుటివారి డెక్‌ల పేర్లతో కాకుండా మిమ్మల్ని ఓడించే పద్ధతులతో పంచండి. అందరినీ ఒకేసారి చంపే స్పెల్‌లకు విరుగుడుగా, క్రీచర్లు పోయినా నిలిచేవి. స్మగ్లర్స్ కాప్టర్ లాంటి వాహనం రెండు మానాకు 3/3, ఎగురుతుంది, ఎదుటివారి టర్న్‌లో ఊరికే ఉంటే క్రీచర్ కాదు. మీకన్నా వేగమైన డెక్‌లకు విరుగుడుగా చవకైన తొలగింపు స్పెల్‌లు. లైఫ్ పెంచుకునేవారికి విరుగుడుగా, ఆ పెరుగుదలను ఆపే కార్డులు రెండు మూడు.

ఒక ఆటకూ మరో ఆటకూ మధ్య నాలుగైదు కార్డులకు మించి మార్చకండి. ఎనిమిది విరుగుళ్లు లోపలికి, ఎనిమిది క్రీచర్లు బయటికి వెళ్తే మీరు ఎదుటివారి ఆట ఆడుతున్నట్టే. తీసేటప్పుడు ఒక మానా వరుసను ముట్టుకోవద్దు. ముందు పోవాల్సింది ఆ ప్రత్యర్థి మీద అత్యంత బలహీనమైన రెండు, మూడు మానా కార్డులు. ఒక్క మినహాయింపు: మీకన్నా వేగమైన ఎర్ర డెక్ ముందు, రెండో ఆట వాళ్లు ముందుగా ఆడుతుంటే, జాకల్ పప్ లాంటి 2/1లను పక్కనపెట్టి బోల్ట్‌లు తట్టుకునే నాలుగు టఫ్‌నెస్ వాటిని తెచ్చుకోవచ్చు. ఆ ఒక్క ఆటలో కాపు కాయాల్సింది మీరే.